నీలం సుతిలి

జనగామ,
18 మార్చి 2025

శోభారాణి అత్తకు,

మన ఇంట్ల నా మాట మొత్తం విన్నోళ్లు ఒక్కరు లేరు. నాలుగు నిమిషాలు మాట్లాడి ఊరి వాట్సాప్ గ్రూపుల పెడితే, ఎవరికి కావాల్సిన ముక్క వాళ్లు కోసుకపోయిన్రు. నువ్వు కూడా మొన్న ఫోన్ చేసి "మీ బాపుకు ఎదురు తిరుగుతున్నవట గదనే" అన్నవు. "అత్తా, అసలు సంగతేందంటే" అనేలోపే పెట్టేసినవు. అందుకే కాగితం మీద రాస్తున్న. చదివితే మొత్తం చదువు, లేకుంటే చింపి పారెయ్. ముక్క మాత్రం కోయకు.

సంగతి నీకు కొంత తెలుసు. పెద్దవంగర దిక్కు మన ఊరు, పక్క తండా, ఇంకో అయిదు ఊర్లు కలిసి మిర్చి సంఘం పెట్టుకున్నయి. ఏడూర్ల కాయ మానుకోట కోల్డ్ స్టోరేజీకి వస్తది. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ ఏరి పక్కకు పెట్టి, మిగిలింది ఒక్క కుప్పగా అమ్ముతం. వచ్చిన సగటు రేటు అందరికి ఒకటే. రోజు ఊరి నుంచి పోయి జనగామ ఆఫీసుల ఆ కాగితాలు చూసేది నేనే. ఇప్పుడు మన ఊరు సంఘం నుంచి బయటికి రావాలని బాపు పట్టుబట్టిండు. ఏప్రిల్ 20, ఆదివారం నాడు ఊర్ల చేతులెత్తుడు. ఒక్కసారి బయటికొస్తే మూడేండ్ల దాక మళ్ల చేర్చుకోరు.

నేను గ్రూపుల చెప్పినవి రెండు ముచ్చట్లు. మంచి కాయ పండించినోనికి సగటు రేటు కట్టుడు అన్యాయమే, బాపు కోపం ఉత్తగ పుట్టలేదు అన్న. అదొకటి. మన ఒక్క ఊరి సరుకుకు లారీ నిండదు, పెద్ద ఖరీదుదారు మన కోసం రాడు, రెండేండ్ల కింద చెడగొట్టు వానకు మన కాయంతా తాలైతే మిగిలిన ఊర్లే మనల్ని మోసినయి అన్న. ఇది రెండోది. మొదటి సగం "బయటికొద్దాం" అనేటోళ్ల మైకు కట్టిన ఆటోల మోగుతున్నది. రెండో సగం "ఉందాం" అనేటోళ్ల ఆటోల మోగుతున్నది. మొన్న బస్టాండు కాడ రెండు ఆటోలు ఎదురుపడ్డయి. నాతో నేనే కొట్లాడుతుంటే జనం నిలబడి విన్నరు.

బాపు అయితే "జీతమిచ్చేటోళ్ల పాట పాడుతున్నది" అని తీర్పు చెప్పేసిండు. అమ్మ అన్నం పెట్టి అవతలికి పోతది.

బాపు బలమంతా ఒక్క బస్తా మీద నిలబడ్డది. పోయిన నెల కోల్డ్ స్టోరేజీ నుంచి మన బస్తా ఒకటి తీసుకొని, మీ వీరేందర్ బావను వెంటబెట్టుకొని కేసముద్రం యార్డుకు పోయిండు. ఖరీదుదారు బస్తా మూల కోసి, కాయను చేతిల నలిపి చూసి, క్వింటాలుకు పద్నాలుగు వేల రెండు వందలు అన్నడట. సంఘం రేటు పదకొండు వేల తొమ్మిది వందలు. ఆ రోజు నుంచి ఊరంతా ఒకటే మాట: మన ఎరుపు మనకే.

అదే బస్తాను బావ అటునుంచి అటే మీ ఇంటికి తెచ్చిండు గద. కారం పట్టిచ్చినవా?

మామ డ్యూటీ పగటికి మారిందా? నువ్వు ఇక్కడిదాక చదివినవంటే నాకు అదే సంబురం.

నీ మేనకోడలు,
రేణుక


భూపాలపల్లి,
24 మార్చి

బిడ్డ రేణుకకు,

మొత్తం చదివిన. రెండుసార్లు చదివిన. నీ రాత చీమలు పోయినట్టు ఉంటది, నా అద్దాలు పాతయి. జర పెద్దగ రాయి.

నాకు అర్థమైంది గిది. నీకు మా అన్న మీద కోపం లేదు. కని ఆయన గెలిస్తె నీకు మంచిగనిపియ్యది. చదువుకున్న పిల్లలకు ఉండేదే, తండ్రి చెప్పింది నిజమైతె నామోషీ. తప్పు పట్టుకుంట లేను.

గిసొంటి కొట్లాటలు నాకు కొత్త కాదు. ఇక్కడ బొగ్గుబాయి మీద నాలుగు యూనియన్లు, గేటు ముందు నాలుగు మైకులు. ఇండ్ల నుంచి వెళ్తె అన్నదమ్ములు వేరే జెండాలు పట్టుకుంటరు, పొద్దుమీకి ఒక్క కంచంల తింటరు. మీ మామ ఏ యూనియన్ల ఉన్నడో ఆయనకే యాదికి లేదు. ఎవలు చాయ్ తాపితె వాళ్లకు జై.

ఇగ ఆ కాయ ముచ్చట. అబ్బబ్బ, ఏం కాయనే అది! తొడిమలు తీస్తుంటె రెండు రోజులు చేతులు మండినయి. సగం కారం పట్టిచ్చిన. మా క్వార్టర్ల లైనుల తొమ్మిది ఇండ్లకు తలా దోసెడు పంచిన, మా అన్న చేనుది అని చెప్పి. పక్కింటి గాజుల అండాలు అయితె "నీకు గిట్లాంటి అన్న ఉన్నడా" అన్నది. గిసొంటి కాయను తండావోళ్ల తాలుల కలిపి అమ్ముతుంటె మా అన్న కడుపు మండదా? నువ్వే చెప్పు.

మీ నాయిన మొన్న పంచాయతీ ముందట కురవి వీరన్న దేవుని మీద ఒట్టు పెట్టిండట. "గీ కాయ నా చేనుది, కాకుంటె వీరన్న చూసుకుంటడు" అని. వీరేందర్ చెప్పిండు. మా అన్న జన్మల ఒట్టు పెట్టినోడు కాదు. ఊరు ఆయనను గా కాడికి తెచ్చింది.

నువ్వు ఆయన బిడ్డవు. ఊర్ల చిన్న చెయ్యకు. గంతే.

మీ అత్త
శోభారాణి


మానుకోట,
29 మార్చి

అత్తకు,

పెద్దగనే రాస్తున్న, చూడు.

రేపు ఉగాది, నేనేమో కోల్డ్ స్టోరేజీల స్వెట్టర్ తొడుక్కొని బస్తాలు చూసుకుంట ఉన్న. లోపల వణుకు, బయట చెమట. మూడు రోజుల నుంచి ఇదే పని, ఎందుకంటే తండా తుల్సీబాయి బస్తా ఒకటి కనపడుతలేదు. నలభై ఒకటి పెట్టింది, నలభై ఉన్నయి. అందరు హమాలీ ఐలేశ్ మీద పడ్డరు. లోపలి వరుసల సంగతి ఆయనకే తెలుసని పని ఆపిచ్చిన్రు. ఆయన గేటు బయట వేపచెట్టు కింద రోజంతా కూసుంటున్నడు. ఇంటికి పోతే దొంగతనం ఒప్పుకున్నట్టు అయితదట.

తుల్సీబాయి నోటికి అడ్డు లేదు. నన్ను చూడంగనే "మీ బాపు మా కాయను తాలు అంటుండట గద. తాలైతె దొంగ ఎందుకు ఎత్తుకపోయిండు?" అన్నది. చుట్టు ఉన్నోళ్లంత నవ్విన్రు. నేను నవ్వలేకపోయిన. మళ్ల తనే "ఐలేశ్ దొంగ అని నేనన్ననా? నాకు నా బస్తా కావాలె గని ఐలేశ్ ఎందుకు" అని సూపర్‌వైజర్ మీదికి పోయింది.

బయట రోడ్డు మీద మన ఊరి ఆటో పోయింది. "తాలు వాళ్లది, ఎరుపు మనది." తుల్సీబాయి దబ్బనం చేతిల పట్టుకొని, ఆటో మలుపు తిరిగేదాక దాని దిక్కే చూసింది.

నువ్వు ఒక్క పని చెయ్యి అత్తా. మీ ఇంటికొచ్చిన బస్తా మూతి ఏ రంగు సుతిలితోటి కుట్టి ఉన్నదో చూసి రాయి. ఖరీదుదారు కోసింది మూల, అది కాదు. మూతి. ఎందుకని ఇప్పుడు అడగకు. నువ్వు రాసినంక అంత చెప్త. ఫోన్ చెయ్యకు, ఇంట్ల బాపు ఉంటడు.

మామకు, బావకు పండుగ దండాలు.

రేణుక


భూపాలపల్లి,
4 ఏప్రిల్

రేణుకా,

పండుగ అయిన మూడోనాడు అందింది నీ ఉత్తరం. పచ్చడి రుచి ఇంక నోట్ల ఉండంగనే చేదంత నువ్వే తాపినవు.

ఆడ ఒక బస్తా పోయింది, ఈడ నా ఇంట్ల బస్తా దారం ఏ రంగు అని అడుగుతున్నవు. నేను అంత తెలివితక్కువదాన్నా? మా అన్న తన చెల్లెకు ప్రేమతోటి పంపిన కాయకు నువ్వు లెక్క అడుగుతవా? పుట్టింటి నుంచి నాకు వచ్చేది ఏమున్నది, ఏడాదికి ఒక చీర, ఒక బస్తా మిరపకాయ. అది గూడ దొంగసొమ్మా? మీ మామ చదివి, "నీ మేనకోడలు పోలీసైందా" అని నవ్విండు. నాకు నవ్వు రాలే.

మిగిలిన కాయ మూట గట్టి తలుపు పక్కకు పెట్టిన. వీరేందర్ వస్తె పంపుత. పట్టిచ్చిన కారం మాత్రం వెనక్కి తియ్యరాదు, తొమ్మిది ఇండ్లు తిరిగి అడుక్కోను.

రంగు నీలం. సరిపోయిందా? నీలం సుతిలి, రెండు పోగులు, దూరం దూరం కుట్లు. మా వదినె ఎన్నడు గట్ల కుట్టది. సత్తమ్మ కుట్టు అంటె చీమ దూరనట్టు దగ్గర దగ్గర ఉంటది. మీ అమ్మకు కండ్లు సరిగ కనపడుతలేవా ఏంది? నాయినను సాధించుడు బంద్ చేసి ఆమెను దవాఖానకు తీసుకపో.

శోభారాణి


జనగామ,
8 ఏప్రిల్

అత్తా,

నీ మీద నాకు అనుమానం లేదు. ఎన్నడు లేదు. అమ్మ కండ్లు కూడా మంచిగనే ఉన్నయి. అది అమ్మ కుట్టు కాదు, అంతే.

ఇప్పుడు చెప్త విను. ఏడూర్ల బస్తాలు కలిసిపోకుండ ఉండాలని ఆడోళ్లు రెండేండ్ల కింద ఒక పద్ధతి పెట్టుకున్నరు. ఊరికో రంగు సుతిలి. మనది ఎరుపు, తండాది నీలం. బస్తాలు కుట్టేది ఆడోళ్లే కాబట్టి వాళ్లకు దూరం నుంచి చూస్తేనే తెలుస్తది ఏ బస్తా ఎవరిదో. మొగోళ్లు దారం దిక్కు చూడరు. వాళ్లు వరుస మీద సుద్దతో రాసిన నెంబరు చూస్తరు, చేతిల చీటి చూస్తరు. బాపు ముప్పై ఏండ్లు మిర్చి అమ్మిండు, ఒక్క బస్తా కుట్టలేదు.

ఆ బస్తా ఇప్పిచ్చింది నేను. చీటి లేకుండ బస్తా బయటికి పోరాదు, అది నేను రాసిన రూలే. బాపు గేటు కాడ నిలబడి ఫోన్ చేస్తే, ఆయనను ఎండల నిలబెట్టబుద్ధి కాక ఐలేశ్‌కు ఫోన్ చేసి "మా బాపే, ముందల ఉన్నదాంట్ల ఒకటి ఇచ్చెయ్యి, చీటి పంపిస్త" అన్న. పంపలేదు. మర్చిపోయిన. అంతకు ముందురోజే కొత్త సరుకు వచ్చి వరుసలు జరిపిన్రు, మన వరుస లోపలికి పోయింది, ముందలికి తండా వరుస వచ్చింది. ఐలేశ్ ముందల ఉన్నదే ఇచ్చిండు. ఇప్పుడు దొంగ అన్నా గని చీటి సంగతి బయటపెడుతలేడు. నాకు మాటొస్తదని.

ఎర్ర సుతిలి బస్తాలు ఒక్కటి తక్కువ లేకుండ అన్ని ఉన్నయి. అంటే బాపు చేతికి పోయింది మన బస్తా కాదు. అందుకే నిన్ను అడిగిన.

పద్నాలుగు వేల రెండు వందలు పలికింది తుల్సీబాయి కాయ అత్తా. మీ లైనుల తొమ్మిది ఇండ్లు తింటున్నది తుల్సీబాయి కారం. మన ఎర్ర సుతిలి బస్తా నుంచి శాంపిల్ తీసి నిన్న నేనే కేసముద్రం పోయిన, అదే ఖరీదుదారు దగ్గరికి. ఎవరిదని చెప్పలేదు. పదకొండు వేల నూరు అన్నడు. సంఘం రేటు కంటే తక్కువ. మనల్ని వాళ్లు ముంచుతలేరు, మోస్తున్నరు.

శనివారం పంచాయతీ ముందట మాటల యుద్ధం అయింది. వీరస్వామి తాత లేచి "బయటికి పోతె లారీ ఎవడు తెస్తడు, తూకంల తరుగు తియ్యకుంట ఎవడు ఆపుతడు" అంటే, బాపు మైకు గుంజుకొని "ముప్పై ఏండ్లు ఎడ్లబండి మీద తోలిననాడు నన్నెవడు ఆపిండు? మన కాయ మీద మనకు నమ్మకం లేకపోతె వేరేటోడెందుకు నమ్ముతడు?" అన్నడు. జనం ఈలలు. నిజం చెప్పాల్నంటే ఆయన మాట్లాడుతుంటే నాకే చెయ్యి ఎత్తాలనిపిచ్చింది. అందుకే ఇంకా భయమైతున్నది.

బాపుకు చెప్పబోయిన. "బాపూ, ఆ బస్తా" అన్ననో లేదో, "ఏం నేర్పి పంపిన్రు నీ సంఘపోళ్లు" అని కండువా దులుపుకొని లేచిపోయిండు. నువ్వు చెప్తే వింటడు. ఆయన తనంతట తానే ఊరికి చెప్పుకుంటే గౌరవం పోదు. ఆ బస్తా మూతి కోసి, కుట్టు విప్పకుండ దాచిపెట్టు. అదొక్కటే ఆధారం.

ఇంక పన్నెండు రోజులు ఉన్నయి.

రేణుక


భూపాలపల్లి,
12 ఏప్రిల్

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. కూర వండితె ఆ కారం వెయ్యబుద్ధి కాలే. వేసిన మళ్ల. ఏం చేస్త, ఇంట్ల వేరేది లేదు.

మా అన్నకు నేను చెప్పను. చెప్పలేను. నీకు తెల్వని ముచ్చట ఒకటి చెప్త. నువ్వు అయిదోదో ఆరోదో చదువుతున్నప్పుడు బాయిల మీ మామ కాలు విరిగింది. మీ నాయిన వచ్చి ఇరవై రెండు రోజులు దవాఖాన వరండల పండిండు. అప్పుడు మీ చేన్ల కాయ ఏరే టైము. మీ అమ్మ ఒక్కతి ఎంత ఏరుతది? కాయంత చెట్టు మీదనే ఎండి రాలిపోయింది. పోయినంక గూడ ఒక్క మాట అనలే. "నీ మొగడు నడుస్తుండు గదా, సాలు తియ్" అన్నడు. గంతే అన్నడు.

అసొంటోడు దేవుని మీద ఒట్టు పెట్టిండు. నువ్వు లేచి అది తండా బస్తా అంటె ఆయన ఏమైతడు? ఆటోల పెడతరు. పాట కడతరు. ఏ తండా కాయను తాలు అన్నడో ఆ తండా ముందర తల వంచాలె. వీరన్న గుడి మెట్టు ఎట్ల ఎక్కుతడు?

ఐలేశ్ ముచ్చట నేను చూసుకుంట. మీ మామతోటి చెప్పిచ్చి ఇక్కడ బాయి మీద కాంట్రాక్టు పని ఇప్పిస్త. తుల్సీబాయికి ఒక బస్తా కాయ కొని పంపుత. ఎవలికి నష్టం లేదు. ఊరు బయటికి పోతె పోనియ్యి, మూడేండ్లు ఎంతసేపు?

ఆ బస్తా మూతి కోసి పొయ్యిల వేసిన. గోనె గూడ వేసిన. ఇగ చూపియ్యడానికి ఏం లేదు. నా మీద కోపం పెట్టుకో, నేను పడుత.

మా అన్నను కాపాడు.

మీ అత్త


మానుకోట,
16 ఏప్రిల్

అత్తకు,

ఉత్తరం అందింది.

ఇరవై రెండు రోజుల సంగతి నాకు తెల్వదు. అమ్మను అడిగిన. "అవును" అన్నది. ఎన్నడు చెప్పలేదేమే అంటే, "చెప్పడానికి ఏమున్నది, చెల్లె కోసం పోయిండు" అన్నది. అప్పుడు ఆమె ముందట సుతిలి సంగతి కూడా చెప్పిన. దబ్బనం పక్కకు పెట్టి చేతులు చూసుకున్నది. "నేను ఆ రోజు కోల్డ్ స్టోరేజీ కాడికి పోయి ఉంటె సుతిలి చూసి చెప్తుంటి, ఇంత దూరం రాకపోవు" అన్నది. అంతే. వద్దని అనలేదు, చెప్పమని కూడా అనలేదు.

నువ్వు మూతి కాల్చినందుకు నాకు కోపం లేదు. నువ్వు మరిచినట్టున్నవు, "నీలం సుతిలి, రెండు పోగులు, దూరం దూరం కుట్లు" అని నీ చేతిరాత నా దగ్గర ఉన్నది. దాన్ని సభకు తీసుకపోను. అన్నాచెల్లెండ్ల నడుమ దాన్ని సాక్ష్యంగ పెట్టను.

దారం అక్కర్లేదు. బస్తా ఇయ్యుమన్న గొంతు నాది.

నిన్న ఆఫీసుల రాసిచ్చిన. చీటి లేకుండ బస్తా ఇప్పిచ్చింది నేను, ఐలేశ్‌కు ఏ పాపం తెల్వదు అని. ఈ పొద్దు పొద్దుగాల ఐలేశ్‌ను లోపలికి పిలిచిన్రు. నన్ను పనిల నుంచి బయటికి పంపిన్రు. గేటు కాడ ఎదురుపడితే ఆయన "లోపల చలి ఎక్కువున్నది మేడం, స్వెట్టర్ మీ దగ్గరనే ఉంచుకోరి" అన్నడు. ఇగ నాకు లోపల పనే లేదు. ఇద్దరం నవ్వినం. భూపాలపల్లిల కాంట్రాక్టు పని ఆయనకు వద్దు. ఆయన పని ఆయనకు ఉన్నది.

సంఘం పెద్దమనిషి నా కాగితాన్ని కరపత్రం వేసి ఊరంతా పంచుతమన్నడు, ఆటోల చదివిస్తమన్నడు. వద్దన్న. మీరు మళ్ల సగమే చదువుతరు అన్న. ఆయన మొహం మాడ్చుకున్నడు. ఇప్పుడు ఆ దిక్కు కూడా నాకు మనుషులు లేరు.

తుల్సీబాయికి నువ్వు బస్తా కొని పంపాల్సిన పని లేదు. ఆమె దగ్గరికి నేనే పోయి చెప్పిన. మొత్తం విన్నది. "అయితె పద్నాలుగు వేల రెండు వందలు నాదేనా?" అని రెండుసార్లు అడిగింది. తిట్టలేదు. "మీ బాపు నా కాయ మీద ఒట్టేసిండన్నట్టు" అన్నది. ఆమె నవ్విందో లేదో నేను తల ఎత్తి చూడలేదు.

బాపుకు కూడా ఉత్తరమే రాసిన. ఎదురుగ కూసుంటే లేచిపోతడు గద. నిన్న పొద్దుమీకి రొట్టెల గిన్నె మీద పెట్టిన. తెల్లారి చూస్తే గిన్నె ఖాళీగ ఉన్నది, ఉత్తరం లేదు. చదివిండా, చింపిండా తెల్వది. ఈ పొద్దు చేనుకు పోయేటప్పుడు నా దిక్కు చూసిండు. కండువా దులపలేదు. ఒట్టు వెనక్కి తీసుకుంట అని కూడా అనలేదు. "ఆదివారం ఎన్నింటికి" అని అమ్మను అడిగిండు. ఎన్నింటికో ఆయనకు తెలుసు, పెట్టిందే ఆయన.

ఆయనను కాపాడుమన్నవు. పదకొండు వేల నూరు పలికే కాయను నమ్ముకొని నూట పది ఇండ్లను మూడేండ్లు బయట నిలబెట్టినంక, తెలిసొచ్చిన రోజు ఆయనను ఎవరు కాపాడుతరు? అప్పుడు ఊరు అడిగేది నన్ను కాదు, ఆయనను.

ఆదివారం పొద్దుగాల పది గంటలకు పంచాయతీ ముందర మైకు నేను తీసుకుంట. బస్తా తండాదని చెప్త. ఇప్పిచ్చింది నేనని చెప్త. బాపు నమ్మిందే ఒట్టు పెట్టిండని చెప్త. మన కాయకు పలికిన రేటు చెప్త. నాలుగు నిమిషాలు పడుతది. ఆ తర్వాత ఎవరి చెయ్యి ఎటు లేస్తదో వాళ్ల ఇష్టం.

బాపు పక్కనే నిలబడి చెప్త.

రేణుక